ఆమ్లం గీసిన రోము నగరం

పండుగ ముందురోజు ఇంట్లో రాగి చెంబులను చింతపండుతో తోమడం మీరంతా చూసే ఉంటారు. నల్లబడిన చెంబు మీద నానిన చింతపండు పెట్టి రుద్దితే నాలుగు నిమిషాల్లో తళతళ మెరుస్తుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం చెంబు మీద పేరుకున్న ఆక్సైడు పొరను కరిగించి వేస్తుంది. అయితే చెంబు కరగదు. చర్యాశీలత శ్రేణిలో రాగి హైడ్రోజన్ కంటే కింద ఉంటుంది గనుక, చింతపండు, నిమ్మపండు వంటి వాటిలోని ఆమ్లాలు దానిని సులభంగా తినలేవు.

అదే చెంబు మీద గాఢ నత్రికామ్లం పడిందనుకోండి. గోధుమరంగు వాయువు బుసబుసమని లేస్తుంది. ద్రవం నీలి ఆకుపచ్చగా మారుతుంది. ఆమ్లం పడినచోట చెంబు గుంట పడుతుంది. ఆ గుంట మళ్ళీ పూడదు.

లోహానికి ఇది నష్టమే. కాని ఎక్కడ గుంట పడాలో, ఎంత లోతు పడాలో మనిషి నిర్ణయించగలిగితే? అప్పుడు అదే ఆమ్లం ఒక కలమవుతుంది. ఆ కలంతో 270 ఏళ్ళ కిందట ఒక మనిషి రోము నగరంలోని పాత కట్టడాలన్నింటినీ రాగిరేకుల మీదికి ఎక్కించాడు. ఆ బొమ్మలను నేటికీ ప్రపంచమంతటా సేకరిస్తున్నారు, భద్రపరుస్తున్నారు, భూతద్దం పెట్టి పరీక్షిస్తున్నారు. ఆ బొమ్మల పేరు ఎచింగులు. ఆ మనిషి పేరు జొవాన్ని బత్తిస్తా పిరనేసి.

రాగిరేకు మీద బొమ్మ పుట్టే విధం

ఎచింగ్ చేసే పద్ధతి తెలిస్తే దానిలోని రసాయన శాస్త్రం అంతా తెలిసినట్టే.

మొదట నున్నగా సానపెట్టిన రాగిరేకును తీసుకొని వేడిచేస్తారు. తేనెమైనం, రజనం, తారు వంటివి కలిపిన ముద్దను దానిమీద పలుచగా పూస్తారు. ఈ పొర మీద ఆమ్లం పనిచేయదు. పొర ఆరిన తరువాత సూదివంటి పనిముట్టుతో బొమ్మ గీస్తారు. సూది రాగిని తొలవదు. మైనాన్ని మాత్రమే చీల్చి, కింద ఎర్రటి రాగి కనిపించేట్టు చేస్తుంది. మైనం మెత్తన గనుక చేతికి బలం అక్కరలేదు. కాగితం మీద పెన్సిలు నడిచినంత తేలికగా సూది నడుస్తుంది.

తరువాత రేకు వెనుకవైపు, అంచులు కూడా కప్పివేసి దానిని ఆమ్లంలో ఉంచుతారు. సూది తిరిగిన చోటల్లా ఆమ్లం రాగిని తింటుంది. గీతల వెంట చిన్న చిన్న బుడగలు లేస్తాయి. బుడగలు అక్కడే నిలిచిపోతే ఆమ్లం రాగిని తాకలేదు, గీత తెగిపోతుంది. అందుకని పాతకాలపు పనివాళ్ళు పక్షి ఈకతో బుడగలను మెల్లగా తుడిచేవారు.

ఇక్కడే అసలు నేర్పు ఉంది. కాసేపటికి రేకును బయటికి తీసి, దూరపు కొండలు, మేఘాలు వంటి లేతగా ఉండవలసిన భాగాలను మైనపు వార్నిషుతో మూసివేస్తారు. రేకును మళ్ళీ ఆమ్లంలో పెడతారు. మూయని గీతలు ఇంకా లోతవుతాయి. ఇలా రెండు, మూడు, నాలుగుసార్లు చేస్తే, ఒకే రేకు మీద వెంట్రుకవంటి గీతలూ ఉంటాయి, కాలువవంటి గీతలూ ఉంటాయి. లోతైన గీతలో సిరా ఎక్కువ నిలుస్తుంది గనుక అది కాగితం మీద నల్లగా పడుతుంది. అంటే బొమ్మలోని వెలుగునీడలను నిర్ణయించేది గడియారం! ఆమ్లం ఎన్ని నిమిషాలు పనిచేసిందన్నదే గీత ఎంత నల్లగా ఉంటుందో చెబుతుంది.

చివరికి మైనం కడిగివేసి రేకుకు సిరా పూస్తారు. పైభాగం గుడ్డతోను, అరచేతితోను తుడిచేస్తే సిరా గాడుల్లో మాత్రమే మిగులుతుంది. తడిపిన కాగితాన్ని రేకు మీద పరచి, పైన ఉన్ని గుడ్డ వేసి, రెండు బరువైన రోలర్ల మధ్యగా నడిపిస్తారు. ఒత్తిడికి మెత్తని కాగితం గాడుల్లోకి దిగి సిరాను పైకి తెచ్చుకుంటుంది. బొమ్మ మాత్రం కుడి ఎడమలు తారుమారై అద్దంలో ప్రతిబింబంలా పడుతుంది. కాబట్టి చిత్రకారుడు మొదటే తలకిందుల ఆలోచన చేసి, ఎడమను కుడిగా గీసుకోవాలి. అక్షరాలైతే వెనుక నుంచి ముందుకు రాసుకోవాలి.

ఈ విద్య చిత్రకారులది కాదు, మొదట ఆయుధాలు చేసేవాళ్ళది. ఐరోపాలో కవచాల మీద, కత్తుల మీద లతలు, బొమ్మలు ఆమ్లంతో తొలిచేవారు. సుమారు 1500 ప్రాంతంలో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరవాసి డేనియల్ హోప్ఫర్ వంటివారు ఆ పద్ధతితో ఇనుపరేకులు తొలిచి కాగితం మీద అచ్చు తీశారు. తరువాత ఇనుము పోయి రాగి వచ్చింది. ఆమ్లాలు కూడా మారాయి. ఒక కాలంలో వెనిగరులో ఉప్పు, నవాసాగరం, రాగిచిలుము కలిపి మరిగించి వాడారు. ఇప్పుడు చాలామంది ఫెర్రిక్ క్లోరైడు ద్రావణం వాడుతున్నారు. రేడియోలో, టీవీలో ఉండే ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డులను తయారుచేయడానికీ ఇదే ద్రావణం వాడతారు. అక్కరలేని రాగిని అది తినివేస్తుంది, కప్పి ఉంచిన రాగి తీగలుగా మిగులుతుంది. రోము బొమ్మకూ రేడియో బోర్డుకూ సూత్రం ఒక్కటే.

తాపీపనివాని కొడుకు

పిరనేసి 1720లో వెనిస్ నగరం దగ్గర పుట్టాడు. తండ్రి రాతిపనివాడు. మేనమామ వెనిస్‌లో నీటి పనులు చూసే ఇంజనీరు. అందువల్ల ఆ కుర్రవాడికి చిన్నప్పుడే రాయి, సున్నం, నీరు మూడింటితోనూ పరిచయం కలిగింది. 20 ఏళ్ళ వయసులో, 1740లో, రోముకు వచ్చాడు. భవనాలు కట్టాలని అతని ఆశ. పని దొరకలేదు. జుసెప్పె వాసి అనే కళాకారుని దగ్గర ఎచింగ్ నేర్చుకొని, కట్టడాలు కట్టే బదులు వాటి బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లో ఐరోపాలోని ధనిక కుటుంబాల యువకులు చదువు ముగించగానే ఇటలీ యాత్ర చేసేవారు. తిరుపతి వెళ్ళినవాళ్ళు స్వామివారి పటం తెచ్చుకున్నట్టు వాళ్ళు రోము నుంచి కట్టడాల బొమ్మలు తీసుకువెళ్ళేవారు. అప్పటికి ఫోటోగ్రఫీ పుట్టలేదు. పిరనేసి 1748 ప్రాంతం నుంచి 1778లో చనిపోయేదాకా రోము దృశ్యాలను వరుసగా వేశాడు. ఆ ఒక్క వరుసలోనే 135 పెద్ద ఎచింగులున్నాయి. 1756లో రోము పురావస్తువుల మీద నాలుగు సంపుటాల గ్రంథం ప్రచురించాడు. అందులో సుమారు 250 రేకుల బొమ్మలున్నాయి.

అతని బొమ్మలు ఒట్టి అలంకారాలు కావు. చాలావాటిలో మన సామాన్యశాస్త్రం పుస్తకంలోని పటాల మాదిరిగా భాగాలకు అక్షర గుర్తులు ఉంటాయి. ఏ అక్షరం ఏ భాగానిదో కింద వివరణ ఉంటుంది. రోడ్డు పొరలు, గోడ లోపలి ఇటుకల అమరిక, రాళ్ళను ఎత్తే పనిముట్లు, పునాదులు, నీటి కాలువలు అన్నీ వేశాడు. రోముకు దగ్గరలో అల్బానో అనే సరస్సు ఉన్నది. దాని నీటిమట్టం పెరగకుండా ప్రాచీన రోమనులు కొండను తొలిచి ఒక సొరంగం వేశారు. పిరనేసి 1762లో ఆ సొరంగం మీద ఒక పుస్తకమే వేశాడు. చెరువు తూమును ఎరిగిన మన ప్రాంతపు పిల్లలకు అది చూడగానే అర్థమయ్యే బొమ్మ. నీరు ఎక్కడ లోపలికి వస్తుంది, ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ బయటికి పోతుంది అన్న ప్రశ్నలు రెండు చోట్లా ఒకటే.

ఆవులు మేసిన సభాస్థలి

ఈ బొమ్మలు శాస్త్రానికి ఎలా పనికివస్తాయో రెండు మూడు ఉదాహరణలు చూద్దాం.

ప్రాచీన రోములో ఫోరమ్ అనేది నగరానికి గుండెకాయ. సభలు, తీర్పులు, ఊరేగింపులు అన్నీ అక్కడే. పిరనేసి నాటికి ఆ చోటి పేరు ఏమిటో తెలుసా? కాంపో వచ్చీనో, అంటే పశువుల బయలు! చక్రవర్తులు నడిచిన చోట ఆవులు, ఎద్దులు మేసేవి. పశువులను అమ్మేవారు, కొనేవారు. పిరనేసి ఎచింగులలో పగిలిన స్తంభాల మధ్య పశువులు తాపీగా నిలబడి ఉంటాయి. పుంగనూరు పిల్లలకు ఈ బొమ్మ చూపిస్తే ముందు పశువుల కొమ్ములు, ఎత్తు చూస్తారు. ఆ తరువాతే స్తంభాలు.

అదే బయలులో సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి విజయానికి గుర్తుగా క్రీ.శ. 203లో కట్టిన మూడు కమానుల ద్వారం ఉన్నది. దాని ఎత్తు సుమారు 21 మీటర్లు. పిరనేసి బొమ్మలో దాని అడుగు భాగం మట్టిలో కూరుకుపోయి ఉంటుంది. 19వ శతాబ్దం మొదట్లో మట్టి తవ్వి దానిని బయటపెట్టారు. నేటి ఫోటో పక్కన ఆ పాత ఎచింగ్ పెట్టి చూస్తే, పదిహేను వందల ఏళ్ళలో నేల ఎంత పైకి వచ్చిందో తెలుస్తుంది. టైబర్ నది వరదలు తెచ్చిన ఒండ్రు, కూలిన ఇళ్ళ ఇటుకలు, జనం పారవేసిన చెత్త కలిసి అంత ఎత్తు పేరుకున్నాయి. మన పాత ఊళ్ళలోనూ ఇంటి గడప వీధి కంటే పల్లం కావడం మీరు గమనించే ఉంటారు. కారణం అదే.

రెండవ ఉదాహరణ పాంథియన్ ఆలయం. కాంక్రీటుతో కట్టిన దాని గుమ్మటం అడ్డుకొలత 43 మీటర్లకు కొంచెం ఎక్కువ. ఇనుప కమ్ములు లేకుండానే 1,900 ఏళ్ళుగా నిలిచి ఉంది. పిరనేసి బొమ్మలో ఆ ఆలయం ముందు భాగం మీద రెండు గంట గోపురాలు కనిపిస్తాయి. ఇప్పుడు రోము వెళ్ళి చూస్తే అవి లేవు. 17వ శతాబ్దంలో చేర్చిన ఆ గోపురాలను 1883లో తీసివేశారు. ఇక అవి బొమ్మల్లోనే మిగిలాయి.

మూడవది కొలోసియం. పాత ఎచింగులలో ఆ గోడల మీద పొదలు, తీగలు వేలాడుతూ ఉంటాయి. అందం కోసం వేశారా, నిజంగానే ఉన్నాయా? రిచర్డ్ డీకిన్ అనే ఇంగ్లీషు వైద్యుడు అక్కడి మొక్కలను ఓపికగా లెక్కించి 1855లో ఒక పుస్తకం వేశాడు. ఒక్క కొలోసియంలోనే 420 రకాల మొక్కలు! తరువాత 1870 దశకంలో గోడలు పాడవుతున్నాయని మొక్కలను పీకివేశారు. బొమ్మ ఒకటి చెప్పింది, వృక్షశాస్త్రం దానిని బలపరచింది. ఒక సాక్షి మాటను ఇంకొక సాక్షితో సరిచూడడం అంటే ఇదే.

బొమ్మ అబద్ధం చెప్పదా?

చెబుతుంది! ఇది ముఖ్యమైన సంగతి.

జర్మన్ మహాకవి గేటే చిన్నతనంలో వాళ్ళ ఇంటి నడవాలో తండ్రి తగిలించిన రోము దృశ్యాల అచ్చు బొమ్మలుండేవి. వాటిని రోజూ చూస్తూ పెరిగిన గేటే 1786లో నిజంగానే రోము చేరుకున్నాడు. కాని కొన్ని శిథిలాలను చూసినప్పుడు, పిరనేసి వాటిని ఉన్నదానికంటే ఎంతో గొప్పగా ఊహించి వేశాడని అతనికి తోచింది.

పిరనేసి చేసిన గారడీ ఏమిటి? కట్టడాన్ని పెద్దది చేయలేదు. చాలాసార్లు మనుషులను చిన్నవాళ్ళను చేశాడు. మనిషి చీమంత ఉంటే పక్కనున్న స్తంభం కొండంత కనిపిస్తుంది గదా!

దీనిని లెక్కతో పట్టుకోవచ్చు. పాంథియన్ ముందున్న గ్రానైటు స్తంభాల నిలువు భాగం ఎత్తు, కింది పీఠం, పై బోదె కలపకుండా, 11.8 మీటర్లు. మనిషి ఎత్తు 1.65 మీటర్లనుకుంటే, 11.8 ÷ 1.65 = సుమారు 7. అంటే స్తంభం మనిషికి ఏడు రెట్లు ఉండాలి. ఒక బొమ్మలో స్తంభం 10 సెంటీమీటర్లు, దాని అడుగునే నిలబడ్డ మనిషి 1 సెంటీమీటరు ఉన్నాడనుకోండి. పది రెట్లు! నిజానికి ఆ మనిషి 1.4 సెంటీమీటర్లు ఉండాలి. చిత్రకారుడు అతనిని కుదించాడన్నమాట. అయితే కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. స్తంభం అడుగునే నిలబడ్డవాణ్ణి మాత్రమే కొలవాలి. మనవైపు ముందుకు వచ్చినవాడు పెద్దగా, దూరంగా ఉన్నవాడు చిన్నగా కనిపించడం దృష్టి ధర్మం. అది అబద్ధం కాదు.

ఇంకొక రకం తేడా కూడా ఉంది. చూసినదానిని వేయడం వేరు, ఊహించి వేయడం వేరు. హేడ్రియన్ చక్రవర్తి సమాధి పునాదులను పిరనేసి భూమి లోపల కొండచరియలంత భారీగా వేశాడు. నేలలో ఉన్న ఆ పునాది మొత్తాన్ని అతను కళ్ళారా చూసి ఉండడు. పైన చూసిన గోడను బట్టి కింద ఏముందో ఊహించాడు. ఊహ తప్పు కాదు, శాస్త్రంలోనూ ఊహ ఉంటుంది. కాని ఊహను ఊహ అని గుర్తుపట్టడం చూసేవాడి బాధ్యత.

కుప్పం పొలిమేర దాటితే

మన దగ్గర ఇటువంటిది ఎవరూ చేయలేదా అని మీరు అడగవచ్చు. చేశారు, మనకు చాలా దగ్గరలోనే చేశారు.

థామస్ డేనియల్, విలియం డేనియల్ అని ఇంగ్లండుకు చెందిన చిత్రకారులు. వరుసకు పినతండ్రీ కొడుకులు. 1785లో ఇంగ్లండులో ఓడ ఎక్కి, చైనా మీదుగా 1786లో కలకత్తా చేరారు. బయలుదేరేనాటికి విలియం వయసు సుమారు 16 ఏళ్ళు. అంటే పదో తరగతి పిల్లవాడి ఈడు! ఉత్తర భారతమంతా తిరిగి, 1792లో మద్రాసు నుంచి దక్షిణ యాత్ర చేశారు.

ఆ ఏడాదే ఎందుకు? అంతకు ముందు మన ప్రాంతమంతా యుద్ధరంగం. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిస్ సైన్యం మొగిలి కనుమ ఎక్కి పలమనేరు మీదుగా బెంగుళూరు వైపు వెళ్ళింది. మన గుర్రంకొండ కోటకు కూడా ఆ యుద్ధంలో ముట్టడి తప్పలేదు. 1792 మార్చిలో టిప్పు సుల్తానుతో సంధి కుదిరి, బారామహల్ అనే కృష్ణగిరి ప్రాంతం ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చింది. దారులు తెరుచుకోగానే డేనియల్‌లు బయలుదేరారు. కుప్పం నుంచి దక్షిణంగా తమిళనాడు సరిహద్దు దాటితే వచ్చేది ఆ కృష్ణగిరి ప్రాంతమే. అక్కడి రాయకోట, జగదేవి కొండకోటలను వాళ్ళు చిత్రించారు. ఇంగ్లండుకు తిరిగి వెళ్ళాక 1795 నుంచి 1808 వరకు మొత్తం 144 దృశ్యాలను ఆరు భాగాలుగా ప్రచురించారు.

వాళ్ళు వాడిన పద్ధతి అక్వాటింట్. ఇది ఎచింగుకు చెల్లెలు. రాగిరేకు మీద రజనం పొడిని సన్నగా చల్లి వేడిచేస్తే రేణువులు అంటుకుంటాయి. ఆమ్లం రేణువుల సందుల్లో మాత్రమే రాగిని తింటుంది. అప్పుడు గీతలు కాక, నీడలా పరుచుకున్న మసక వస్తుంది. నున్నటి బండరాళ్ళు, కొండ మీద పొగమంచు చూపడానికి ఇది చక్కగా సరిపోతుంది. అచ్చయ్యాక చేతితో రంగులు వేసేవారు.

వాళ్ళ దగ్గర కెమెరా అబ్‌స్క్యూరా కూడా ఉండేది. చీకటి పెట్టెలోకి కటకం గుండా వెలుతురు వచ్చి, ఎదుటి దృశ్యం కాగితం మీద పడుతుంది. దాని వెంబడి పెన్సిలు నడిపితే చాలు. మీరు అట్టపెట్టెతో చేసే సూదిబెజ్జం కెమెరాకు అది అన్నగారు. అందుకే వాళ్ళ బొమ్మల్లో కొండల ఆకారాలు, కోట బురుజుల అమరిక చాలావరకు నమ్మదగినవి. అయినా ముందు భాగంలో చెట్లను, మనుషులను అందం కోసం అమర్చుకున్న చోట్లు ఉన్నాయి. అక్కడ పిరనేసి విషయంలో చేసిన పరీక్షలే చేయాలి.

మన తెలుగు కళాకారులలోనూ ఎచింగులో పేరుపొందినవారు ఉన్నారు. 1940లో మెదక్ ప్రాంతంలోని నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ బరోడాలో అచ్చుచిత్రాల విద్య నేర్చి, తెలంగాణ పల్లె మనుషులను, మేకలను, చెట్లను రాగిరేకుల మీదికి తెచ్చారు. 2016లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

అసలు అచ్చా, నకలా?

పాత ఎచింగులు సేకరించేవారికి మొదటి ప్రశ్న ఇది. జవాబు చెప్పేది డబ్బు కాదు, భూతద్దం.

ఒకటి: అసలు ఎచింగ్ చుట్టూ రాగిరేకు అంచు ఒత్తుకున్న గుర్తు కాగితం మీద పల్లంగా ఉంటుంది. రోలర్ల ఒత్తిడివల్ల వచ్చిన గుర్తు అది.

రెండు: భూతద్దంలో చూస్తే గీత అఖండంగా, సిరా కాస్త ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ఈనాటి అచ్చు పుస్తకంలోని నకలు చాలావరకు సన్నని చుక్కల గుంపుగా కనిపిస్తుంది. ఈ పత్రికలోని ఏదైనా ఫోటోను భూతద్దం కింద పెట్టి చూడండి, ఆ చుక్కలు తెలుస్తాయి.

మూడు: ఆమ్లం తొలిచిన గీత చివర మొద్దుగా ఉంటుంది. ఉలితో రాగిని చెక్కిన గీత చివరికి సన్నబడి వాడిగా ముగుస్తుంది.

నాలుగు: కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, పాత చేతి కాగితంలో జల్లెడ తీగల జాడలు, తయారీదారు నీటిగుర్తు కనిపిస్తాయి. పది రూపాయల నోటును ఎత్తి చూస్తే గాంధీగారి బొమ్మ కనిపించినట్టే. నీటిగుర్తును బట్టి ఆ కాగితం ఏ కాలందో పండితులు అంచనా వేస్తారు.

ఈ నాలుగవది ఎందుకంత ముఖ్యం? రాగిరేకు అరుగుతుంది. ప్రతి అచ్చుకూ తుడవడం, నొక్కడం తప్పదు గదా! ముందు సన్నని గీతలు మాసిపోతాయి, మేఘాలు మాయమవుతాయి. పిరనేసి చనిపోయాక అతని కొడుకులు ఆ రేకులను 1799లో పారిస్ తీసుకువెళ్ళి అచ్చువేశారు. 1839 ప్రాంతంలో పోపు వాటిని కొని తిరిగి రోముకు తెప్పించారు. తరువాతా అచ్చులు తీశారు. 900 పైచిలుకు రేకులు నేటికీ రోములోని ప్రభుత్వ సంస్థలో భద్రంగా ఉన్నాయి. కాబట్టి పిరనేసి బతికుండగా తీసిన అచ్చూ, వందేళ్ళ తరువాత తీసిన అచ్చూ రెండూ ‘అసలు రేకువే’. కాని రెండూ ఒకటి కావు. మొదటిది మొదటి సాక్ష్యం; రెండవది గొంతు అరిగిన సాక్ష్యం.

కాగితం ఆయుష్షు

రెండు వందల డెబ్బయి ఏళ్ళ నాటి ఎచింగ్ కాగితం తెల్లగా, గట్టిగా ఉంటుంది. యాభై ఏళ్ళ నాటి వార్తాపత్రిక ముట్టుకుంటే విరుగుతుంది. వింతగా లేదూ?

పాతకాలపు కాగితం నూలు, నార గుడ్డ పీలికలతో చేసేవారు. అందులో ఉండేది దాదాపు శుద్ధమైన సెల్యులోజ్, పొడుగాటి పోగులు. 19వ శతాబ్దం మధ్య నుంచి కలప గుజ్జు వాడకం పెరిగింది. అందులో లిగ్నిన్ ఉంటుంది; వెలుతురు తగిలితే అది పసుపెక్కుతుంది. పైగా సిరా పాకకుండా పటిక, రజనం కలిపేవారు. పటిక వల్ల కాగితంలో ఆమ్లం పుట్టి సెల్యులోజ్ గొలుసులను తెంపుతుంది. ఎచింగుకు ప్రాణం పోసినది ఆమ్లమే, కాగితానికి ప్రాణం తీసేదీ ఆమ్లమే!

రోము కట్టడాల సంగతి కూడా ఇంతే. కొలోసియం గోడలు ట్రావర్టైన్ అనే సున్నపురాయివి. వాహనాల పొగలోని గంధకం, నత్రజని ఆక్సైడులు వాననీటితో కలిసి ఆమ్లమై ఆ రాయిని మెల్లగా తింటాయి. కుప్పం గ్రానైటు పలక మీద వెనిగరు వేస్తే ఏమీ కాదు. పాలరాతి ముక్క మీద వేస్తే బుడగలు వస్తాయి. రాయి ఏదన్నదాన్ని బట్టి కట్టడం ఆయుష్షు ఉంటుంది. బయటి రాయి అరిగిన కొద్దీ, పాత బొమ్మలోని చెక్కడపు వివరాల విలువ పెరుగుతూ పోతుంది.

అందువల్ల ఇంట్లోనో, పాత గ్రంథాలయంలోనో ఇటువంటి పాత బొమ్మ కనిపిస్తే కొన్ని నియమాలు పాటించాలి. సెల్లోటేపు అంటించకూడదు. ప్లాస్టిక్ కాగితంతో లామినేషన్ చేయించకూడదు. ఎండ తగిలే గోడకు వేలాడదీయకూడదు. తేమ ఉన్నచోట గోధుమరంగు మచ్చలు పడతాయి, పురుగులు చేరతాయి. అన్నిటికంటే ముఖ్యం, పుస్తకంలోని బొమ్మను చించకూడదు. ఐరోపాలోను, మన దేశంలోను ఎన్నో పాత గ్రంథాలను విప్పి, బొమ్మలను విడివిడిగా అమ్మివేశారు. అప్పుడు బొమ్మ ఒకచోట, దాని వివరణ ఇంకొకచోట పడతాయి. అక్షర గుర్తులు మిగిలి, వాటి అర్థం పోతుంది. ఒక సాక్షిని పేరు, ఊరు, తేదీ లేకుండా చేసినట్టు అవుతుంది. మన దేశంలో వందేళ్ళు దాటిన కళావస్తువులను అనుమతి లేకుండా విదేశాలకు పంపడం 1972 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

చేసి చూడండి

నత్రికామ్లం, ఫెర్రిక్ క్లోరైడు పిల్లలు ముట్టుకోరాదు. కాని ఎచింగ్ సూత్రాన్ని ఒక కోడిగుడ్డుతో చూడవచ్చు. గుడ్డు పెంకు కాల్షియం కార్బొనేట్, అంటే పాలరాయి, సున్నపురాయి జాతిదే.

ఒక గుడ్డును శుభ్రంగా కడిగి తుడవండి. కొవ్వొత్తి ముక్కతో గట్టిగా నొక్కి దాని మీద ఒక కమాను బొమ్మ గీయండి. గాజు గ్లాసులో గుడ్డు మునిగేటంత వెనిగరు పోసి అందులో ఉంచండి. తేలకుండా పైన చెంచా పెట్టండి. కార్బన్ డయాక్సైడు బుడగలు వస్తాయి. మధ్య మధ్య ఈకతో బుడగలను తుడవండి. గంట, రెండు గంటల తరువాత తీసి కడగండి. మైనం ఉన్నచోట పెంకు నిలిచి, మిగతాచోట పలుచబడి, బొమ్మ ఉబ్బెత్తుగా తేలుతుంది.

రెండవ గుడ్డుకు, పెద్దవాళ్ళ సహాయంతో, కరిగించిన మైనం అంతటా పూయండి. ఆరాక గుండుసూదితో బొమ్మ గీకి వెనిగరులో ఉంచండి. ఈసారి గీతలు లోపలికి దిగుతాయి. ఇదే అసలు ఎచింగ్ పద్ధతి. అరగంటకు ఒకటి, గంటకు ఒకటి, రెండు గంటలకు ఒకటి చొప్పున మూడు గుడ్లు తీసి గీతల లోతు పోల్చండి. రాత్రంతా ఉంచితే పెంకే మిగలదు సుమా!

మీ సేకరణ పుస్తకం

అసలు పిరనేసి అచ్చు కొనాలంటే పెద్దల జేబులకే భారం. కాని సేకరణ అంటే కొనడం ఒక్కటే కాదు. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం, ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం తమ పాత అచ్చుచిత్రాల ఫోటోలను ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా తీసుకునేట్టు పెట్టాయి. డేనియల్‌ల చిత్రాల పెద్ద సంగ్రహం కలకత్తా విక్టోరియా మెమోరియల్‌లో ఉన్నది. బడిలోని కంప్యూటరు మీద ఒక బొమ్మ తెరిచి, పెద్దది చేసి, ఒక నోటు పుస్తకంలో ఈ వివరాలు రాసుకోండి: చిత్రకారుడు, సంవత్సరం, చోటు, ఏమి చూసి వేశాడు, ఏమి ఊహించాడు, మనిషికీ కట్టడానికీ నిష్పత్తి ఎంత, నేటి ఫోటోలో ఏమి మారింది. ఇరవై బొమ్మలకు ఇలా రాస్తే అది ఏ ధనికుని సేకరణకూ తీసిపోదు.

ఆ తరువాత పని మన ఊళ్ళో ఉంది. పిరనేసి ఓపిక పట్టకపోతే పశువులు మేసిన ఆ సభాస్థలి ఎలా ఉండేదో ఈనాడు మనకు ఇంత వివరంగా తెలిసేది కాదు. గుర్రంకొండలోని రంగిన్ మహల్, పుంగనూరు జమీందారీ కాలపు కట్టడాలు, కుప్పం దగ్గరి కంగుంది కొండ, మీ ఊరి పాత చెరువు తూము, రాతి మండపం, వీటిలో ఎన్నిటికి కొలతలతో కూడిన బొమ్మలున్నాయి? రోడ్డు వెడల్పు చేసేటప్పుడో, సున్నం కొట్టేటప్పుడో, నాలుగు వానలకో వాటిలో కొంత పోతూనే ఉంటుంది.

ఒక టేపు, ఒక పెన్సిలు, ఒక తెల్లకాగితం చాలు. స్తంభం ఎత్తు కొలవండి. పక్కన నిలబడ్డ మీ స్నేహితుని ఎత్తు కూడా రాయండి. అతణ్ణి మాత్రం కుదించకండి. చూసినదానిని గట్టి గీతతో, ఊహించినదానిని చుక్కల గీతతో వేయండి. కింద మీ పేరు, ఊరు, తేదీ రాసి బడి గ్రంథాలయంలో ఉంచండి. ఆ కట్టడంలో రేపు ఒక రాయి జారినా, అది ఎక్కడ ఉండేదో మీ కాగితం చెబుతుంది.